మునిరత్నం మేస్త్రి రాయమన్న కడపటి పేజీ

నవంబరు పద్దెనిమిది, 1986. మంగళవారం. ఉదయం ఆరుంబావు. తిరుపతి ఆసుపత్రి, మగవారి వార్డు, కిటికీ పక్క మంచం. దగ్గర ఉన్నవారు: భార్య మునెమ్మ, కూతురు సుగుణ, అల్లుడు దామోదరం, మిల్లులో ఆయన చేతికింద పనిచేసిన చెంగల్రాయుడు, నేను.

ఆ రోజు నా డైరీ పేజీలో ఇంతే ఉంది. ముప్పై ఏళ్ళకు పైగా ఒక్క రోజు తప్పకుండా డైరీ రాస్తున్నవాణ్ణి. ఎవరు పోయినా ముందు తేదీ, తరువాత వేళ, ఆ తరువాత దగ్గర ఉన్నవారి పేర్లు రాసి, పోయినవారిని గురించి రెండు మాటలు చేర్చడం నా అలవాటు. ఆనాడు కలం పేర్ల దగ్గరే ఆగిపోయింది. శ్రీకాళహస్తిలో మా నూనె మిల్లుకు ఇరవై ఎనిమిదేళ్ళు ఫిట్టరుగా ఉన్న మునిరత్నం మేస్త్రి ఇక లేరన్న మాట రాయడానికి నాకు వారం పట్టింది.

దుఃఖం ఒక్కటే అయితే రాయగలిగేవాణ్ణేమో. ఆయనను ఆసుపత్రిలో చేర్చిన రోజు డాక్టరు గారు, “దగ్గు ఎన్నాళ్ళుగా ఉంది?” అని అడిగారు. “ఈ వానలు మొదులైనప్పటి నుంచీ సారూ” అన్నది మునెమ్మ. దామోదరం తల ఊపాడు. నేనూ ఊపాను. డాక్టరు గారు అదే రాసుకున్నారు. ఆ ప్రశ్నకు అసలైన జవాబు మా ఇంట్లో బీరువాలో, నా చేతిరాతలోనే, పద్నాలుగేళ్ళుగా పడి ఉంది. ఆ సంగతి దాచిపెట్టి మునిరత్నం గారిని కీర్తించడం నాకు చేతకాదు. ఆయన ఏం పని చేశారో ముందు చెబితేగాని నా తప్పు ఎంతటిదో చదివేవారికి అర్థం కాదు.

ఆయనది సత్యవేడు పక్క పల్లె. వాళ్ళ నాయన చెరకు గానుగలు బాగుచేసేవాడు. ఐదో తరగతితో చదువు ఆపి, మద్రాసులో ఒక వర్క్‌షాపులో పని నేర్చుకుని మా మిల్లుకు వచ్చారు. పొట్టి మనిషి, ఖాకీ నిక్కరు, చెవి మీద పెన్సిలు. స్క్రూడ్రైవరు మొనను యంత్రానికి ఆనించి, చెక్క పిడిని చెవికి ఆనించుకుని కళ్ళు మూసుకునేవారు. కళ్ళు తెరిచి, “లోపల బేరింగు ఏడుస్తాండాది, రేపటికి మార్సల్ల” అనేవారు. మరునాడు విప్పి చూస్తే అది అరిగిపోయి ఉండేది.

ఆ మిల్లులో నేను స్టోరు గుమాస్తాను. లెక్కలు కూడా నావే. నన్ను అందరూ “స్వామీ” అనేవారు. మేస్త్రి వచ్చిన మొదటి సంవత్సరమే నా దగ్గరకు వచ్చి ఏడు నోటు పుస్తకాలు అడిగారు.

“ఏడెందుకప్పా?” అన్నాను.

“మనకు మిషన్లు ఎన్ని స్వామీ?”

“ఏడు.”

“మడిసికొక జాతకం ఉండాదే, మిషనుకు వద్దా?”

అలా మొదలైంది. మొదటి పేజీలో ఆ యంత్రం ఎప్పుడు వచ్చిందీ, ఎంతకు కొన్నదీ రాశారు. తరువాతి పేజీలన్నిటికీ నాలుగు గళ్ళు గీశారు: తేదీ, ఏం చేసినాం, ఏం తినింది, ఎంతసేపు ఆగింది. తినడమంటే నూనె, బెల్టు, బేరింగు, కూలి అన్నీ. యంత్రం ఆగినప్పుడు ఊరికే కూర్చున్న మనుషుల కూలి కూడా దాని తిండి కిందే రాసేవారు. లోపలి మర అరిగిపోయి నూనె సరిగా పిండక, పిప్పిగా వచ్చే చెక్కలో మిగిలిపోతే, ఆ మిగిలిన నూనె కూడా అందులోకే వచ్చేది. ప్రతి పుస్తకంలోనూ ఆఖరి పేజీ మాత్రం ఖాళీగా వదిలిపెట్టారు.

“అదెందుకు?” అని అడిగాను.

“అది దీన్ని పాత ఇనుముకు తోలేసిన దినం రాసేది. ఆ కడపటి పేజీ నిండినాకే దీని ధర ఎంతో తెలిసేది స్వామీ. మొదుటి పేజీలో ఉండేది ఉత్త బేరమే.”

నాకు అప్పుడు ఆ మాట ఎక్కలేదు. నేను లెక్కలు పద్దుల వారీగా రాసేవాణ్ణి. బేరింగులన్నీ ఒక పద్దు, కందెన నూనె ఒక పద్దు, కూలి మరొక పద్దు. ఏ పద్దులోనూ ఇమడని చిల్లర ఖర్చులన్నీ సాదిల్వారు అనే పద్దులో పడేసేవాణ్ణి. సంవత్సరాంతానికి పైసాతో సహా సరిపోయేది. ఏ యంత్రం ఎంత తిన్నదని అడిగితే మాత్రం చెప్పలేకపోయేవాణ్ణి. అడిగినవారూ లేరు, ఆయన తప్ప.

ఆయుధపూజ నాడు అన్ని మిల్లుల్లోనూ యంత్రాలకు పసుపు కుంకుమ పెట్టి గుమ్మడికాయ కొడతారు. మా మిల్లులో ఆ పని కంటే ముందు ఇంకొకటి జరిగేది. మేస్త్రి ఒక్కొక్క యంత్రం ముందు నిలబడి, దాని పుస్తకం తెరిచి, ఆ యేడు దానికి ఏమేం జబ్బులు వచ్చాయో, అది ఎంత తిన్నదో, ఎన్ని గంటలు ఆగిందో పైకి చదివేవారు. పనివాళ్ళంతా వినాలి. మిల్లు యజమాని శెట్టి గారు కూడా చెప్పులు విడిచి వినేవారు. “ఇదేందప్పా, మిషన్ను నడిబజార్లో నిలబెట్టి మానం తీస్తాండావు” అని ఆయన నవ్వితే, “మానం దానిది గాదయ్యా, దాన్ని సరిగ్గా సూసుకోని మాది” అని మేస్త్రి అనేవారు.

నెలకొకసారి ప్రతి యంత్రాన్నీ ఒక పూట ఆపి విప్పి చూడాలన్నది ఆయన పెట్టిన కట్టుబాటు. శనక్కాయలు కుప్పలుగా వచ్చిపడే రోజుల్లో శెట్టి గారు గింజుకునేవారు. “మనం ఆపితే ఒక పూట పోతాది. అదే ఆగితే వారం పోతాది” అని మేస్త్రి జవాబు. ఒకసారి పక్క మిల్లులో ఒక ఫిట్టరు విరిగిన షాఫ్టును రెండు రోజులు అన్నం నీళ్ళు మాని బాగుచేశాడని, వాళ్ళ యజమాని శాలువా కప్పాడు. మావాళ్ళు దాన్నే గొప్పగా చెప్పుకుంటుంటే మేస్త్రి విని, “ఆగినాక పరిగెత్తినోడికి శాలువా. ఆగకుండా సూసుకున్నోడికి ఏముంది? ఆ పొద్దు ఏమీ జరగలేదు గదా” అని నవ్వి ఊరుకున్నారు. ఇరవై ఎనిమిదేళ్ళలో ఆయనకు ఎవరూ శాలువా కప్పలేదు. ఈ వాక్యం రాస్తుంటే సిగ్గుగా ఉంది.

1974లో నేను చేసిన ఒక పని చెప్పాలి. ఆయుధపూజకు ముందు స్టోరు గది శుభ్రం చేయడం ఆనవాయితీ. మేస్త్రి సత్యవేడు వెళ్ళి ఉన్నారు. మూలన జిడ్డోడుతూ పాత పుస్తకాల కట్ట ఒకటి కనిపించింది. పైన గోనెగుడ్డ, దాని మీద మసి. నేను శుభ్రం విషయంలో పట్టుదల మనిషిని. పాత కాగితాలతో కలిపి కట్టించి అమ్మేశాను.

మూడు రోజుల తరువాత మేస్త్రి బస్సు దిగి తిన్నగా నా బల్ల దగ్గరకు వచ్చారు. చేతిలో వేయించిన శనక్కాయల పొట్లం. కాయలు నా బల్ల మీద గుమ్మరించి, కాగితం విప్పి, చేత్తో సాపు చేసి నా ముందు పెట్టారు.

“ఇది ఎవురి రాతో సూడండి స్వామీ.”

‘మూడో నంబరు. గేరు బాక్సు వేడి జాస్తి. సాయంత్రం దాకా ఆపినాము’ అని ఉంది. ఆయన రాతే.

“మిగిలినవి...” అన్నాను.

“బస్టాండులో తలా ఒకటి తిని పారేసినారు.”

“నన్ను నాలుగు తిట్టు మేస్త్రీ.”

“తిట్టి ఏం లాభం? శుభ్రమైన మనిషి మీరు. శుభ్రంగా అమ్మేసినారు.”

ఆయన ఆ మధ్యాహ్నం అన్నం తినలేదు. స్టోరు మెట్టు మీద కూర్చుని చేతులు చూసుకుంటున్నారు. పోయినవి మూడో నంబరు పుస్తకాలు. అది విత్తనాన్ని నలిపి నూనె పిండే పాత ఎక్స్‌పెల్లరు. శెట్టి గారు దాన్ని తీసేసి కొత్తది కొనాలా, ఉన్నదాన్నే అతుకులేసి నడపాలా అని తర్కించుకుంటున్న సమయమది. దానికి కాలం చెల్లిందని, ఉంచుకుంటే నష్టమని మేస్త్రి వాదం. ఆ వాదానికి ఉన్న ఒకే ఒక సాక్ష్యాన్ని నేను శనక్కాయల బండికి పంపాను.

అప్పుడు నాకు నా డైరీలు గుర్తుకొచ్చాయి. వాన పడినా, కరెంటు పోయినా, మిల్లులో ఏ యంత్రం ఆగినా అందులో ఒక ముక్క రాయడం నా అలవాటు. ఆదివారాలు మా అరుగు మీద కూర్చున్నాము. నేను చదివేవాణ్ణి. ‘3వ నం. మధ్యాహ్నం ఆగింది’ అని నేనంటే, “ఆఁ, ఆ పొద్దు షాఫ్టు. మద్రాసు నుంచి తెప్పిస్తిమి” అని ఆయన గుర్తుచేసుకుని రాసేవారు. మా ఇంటావిడ కాఫీ ఇస్తూ, “ఏదో ముహూర్తం పెడుతున్నట్టున్నారే ఇద్దరూ” అనేది.

ఒక ఆదివారం చదువుతూ చదువుతూ, ‘మేస్త్రికి విపరీతంగా దగ్గు. కూర్చోబెట్టి నీళ్ళు తాగించాము’ అని చదివాను.

ఆయన పెన్సిలు ఆపి పకపకా నవ్వారు. “నా దగ్గు గూడా రాసినారే! దాన్ని ఏ పద్దులో ఎక్కిస్తారు స్వామీ?”

“సాదిల్వారు” అన్నాను.

ఇద్దరమూ చాలాసేపు నవ్వాము. నవ్వుతుంటే ఆయనకు మళ్ళీ దగ్గు వచ్చింది. తగ్గేదాకా ఆగి, తరువాతి పేజీ తిప్పాను.

పుస్తకం తయారైంది. శెట్టి గారికి అంకెలు చూపించే ముందు మేస్త్రి ఒక పని చేశారు. సుద్దముక్క తీసుకుని మిల్లు నేల మీద జానెడు గీత గీశారు. “ఇది మూడో నంబరును కొన్న ధరయ్యా” అన్నారు. దాని పక్కనుంచి ఇంకో గీత మొదలుపెట్టి, వంగి వెనక్కు నడుస్తూ గీసుకుంటూ పోయారు. ఒక యేటి తిండి ఇంత, మరుసటి యేటిది ఇంత అని చెప్పుకుంటూ పోయారు. శెట్టి గారు పక్కకు తప్పుకుని దారి ఇచ్చారు.

“ఇంకా పోతాండావేమప్పా?”

“ఇంకా తింటాండాది గదయ్యా.”

గీత చెక్క మూటల దాకా పోయి గోడకు తగిలింది. మేస్త్రి నడుము పట్టుకుని లేచి నిలబడ్డారు.

“సరే. సౌకగా ఒకటి వస్తాది, అది కొందాం” అన్నారు శెట్టి గారు. అప్పటికే రెండు కంపెనీల ధరలు తెప్పించి ఉన్నాము. తక్కువ ధరది మేలని నేనే చక్కని దస్తూరీతో పట్టిక రాసి ఇచ్చాను.

మేస్త్రి నా పట్టిక చూసి నా వైపు చూశారు. తరువాత శెట్టి గారితో, “కొనేది ఒక దినమే. సాకేది దినామూ మేము. సౌకదానికి మర మూడు నెలలకే అరుగుతాది, సామాను బొంబాయి నుంచి రావల్ల. వచ్చేదాకా మీ కాయలు ముక్కిపోతాయి. జాస్తి ధరదానికి సామాను మద్రాసులోనే దొరుకుతాది” అన్నారు.

“ఆ ధర పెట్టినానంటే నేను దివాలా తీసి నెత్తిన గుడ్డేసుకోని పోవల్ల.”

“పదేండ్లకు ఈ గీత మళ్ళా గీస్తా. అది గోడకు తగిలితే ఆ గుడ్డ నా నెత్తినెయ్యండి.”

శెట్టి గారు మరోసారి గీత వైపు చూసి, ఎక్కువ ధర యంత్రాన్నే కొన్నారు. దానికి కూడా మూడో నంబరే ఇచ్చాము. ఈనాటికీ నడుస్తున్నది అదే. పదేళ్ళయ్యాక మేస్త్రి, అప్పటికి ఉద్యోగం విరమించిన నన్ను కూడా పిలిపించి, మాట తప్పకుండా మళ్ళీ గీత గీశారు. అది చెక్క మూటల దాకా కూడా పోలేదు. శెట్టి గారు గట్టిగా నవ్వి, ఆ పూట అందరికీ మైసూరుపాకు తెప్పించారు.

పాత యంత్రాన్ని పగలగొట్టడానికి ఇనుప కొట్టువాళ్ళు సమ్మెటలతో వచ్చారు. మేస్త్రి వాళ్ళను వాకిట్లోనే ఆపి, ఒక్కొక్క బోల్టూ తానే విప్పారు. రెండు రోజులు పట్టింది. బండి వెళ్ళిపోయాక కడపటి పేజీ తెరిచి, ఇనుము ఎంతకు పోయిందో రాసి, అడ్డగీత కొట్టారు. “ఇప్పుడు తెలిసింది స్వామీ దీని ధర” అన్నారు. కళ్ళు తుడుచుకున్నారో, చెమట తుడుచుకున్నారో నేను చెప్పలేను.

ఆయన బల్ల పొట్టు గది వాకిలి పక్కన ఉండేది. కాయ కొట్టే మిషను నుంచి పొట్టంతా గాలికి ఆ గదిలోకే వచ్చి పడుతుంది. దుమ్ము ఎప్పుడూ మబ్బులాగా కమ్ముకుని ఉంటుంది. బల్లను దూరంగా జరపమని నేను ఒకటి రెండుసార్లు అన్నాను. “ఈడ కూసుంటే ఏడు మిషన్లూ ఇనబడతాయి స్వామీ. ఆడికి పోతే నాలుగే” అన్నారు. నేను మళ్ళీ అడగలేదు.

నేను ఉద్యోగం విరమించి నాలుగేళ్ళయింది. ఆయన కిందటి నెల దాకా పనిచేస్తూనే ఉన్నారు. ఆసుపత్రిలో చేర్చిన మూడో రోజు నేను బట్టలకోసం ఇంటికి వచ్చాను. డాక్టరు గారి ప్రశ్న చెవిలోనే ఉంది. బీరువా తెరిచి డైరీలు దించాను. ‘మేస్త్రికి దగ్గు’ అన్న మాట మొదటిసారి డెబ్బై రెండులో ఉంది. తరువాత వానాకాలంలో ఒకటి. తరువాత వరసగా. కొన్నేళ్ళకు ‘మేస్త్రికి ఆయాసం’. ఒకచోట ‘మెట్లెక్కుతూ ఆగారు’. ఇంకొకచోట ‘ఉమ్మిలో ఎరుపు, తాంబూలం అన్నారు’. ఆయన తాంబూలం వేసుకోరని నాకు తెలుసు. తెలిసీ అదే రాసి, పక్క పేజీకి పోయాను. పద్నాలుగేళ్ళు ఒక్కొక్కరోజు ఒక్కొక్క ముక్కగా రాస్తూ పోయానేగాని, వాటినన్నిటినీ ఒక్కచోట చేర్చి చూడలేదు. ఒక్కచోట చేర్చడం ఎంత అవసరమో మా అరుగు మీదే కూర్చోబెట్టి నేర్పిన మనిషి గురించి రాసుకుంటూ కూడా చూడలేదు.

అవన్నీ ఎత్తి ఒక కాగితం మీద రాసి తిరుపతి తీసుకుపోయాను. డాక్టరు గారు మొదటినుంచి చివరిదాకా చదివి, “ఎవరు రాశారు?” అని అడిగారు. చెప్పాను. ఆయన నకలు ఒకటి రాయించుకుని కాగితం తిరిగి ఇచ్చారు. నన్ను తిట్టి ఉంటే బాగుండేది.

మంచం మీద మేస్త్రి చెయ్యి చాపారు. “ఏందది? ఈడియ్యండి.” సుగుణ కళ్ళద్దాలు పెట్టింది. ఆయుధపూజ నాడు చదివినట్టే, పెదవులు కదుపుతూ ఒక్కొక్క వరుసా చదివారు.

“బాగా రాసినారు స్వామీ. ఒక గడి తక్కువుండాది.”

“ఏది?”

“ఆగిన దినాలు యాడ?”

“జబ్బని నువ్వు ఒక్క రోజూ ఆగలేదు కదా మేస్త్రీ.”

“అదే తప్పు.” ఊపిరి కూడదీసుకున్నారు. “నెలకొకపూట ఆపి సూడల్లని అందురికీ సెప్పినాను. నాకు సెప్పుకోలేదు.”

“నేనైనా చెప్పవలసింది. నేనే రాశాను, నేనే చూడలేదు.”

“మీరు సాదిల్వార్లో ఎక్కించినారు గదా” అని నవ్వారు. ఆ నవ్వులో నిష్ఠూరం లేదు. నాకు దుఃఖం ఆగక ముఖం తిప్పుకున్నాను. ఆయన నా చెయ్యి తట్టి, “కడపటి పేజీ మీరే రాయల్ల స్వామీ. శనక్కాయల బండికి మాత్రం ఎయ్యబాకండి” అన్నారు. మాకిద్దరికీ మధ్య నడిచిన చివరి సంభాషణ అదే.

మంగళవారం సాయంత్రం స్వర్ణముఖి ఒడ్డున ఆయనను అగ్నికి అప్పగించాము. శెట్టి గారు మిల్లు ఆపించారు. కరెంటు పోయినప్పుడో, పండగ నాడో తప్ప ఏడు యంత్రాలూ ఒకేసారి ఆగిపోవడం నేను ఆ మిల్లులో అంతకుముందు ఎరగను. ఇరవై ఎనిమిదేళ్ళు వాటిని ఆగకుండా చూసినవాడి కోసం అవి ఆగాయి. మునిరత్నం మేస్త్రీ, యంత్రానికి ఆయుర్దాయం ఉంటుందని, దాని బతుకంతా కలిపితేగాని దాని విలువ తేలదని నాకు తెలియజెప్పిన గురువువు నువ్వు. నీ విలువ ఎంతో ఏ పద్దులోనూ నాకు తేలడం లేదు. నీ చోట ఇంకొక ఫిట్టరు వస్తాడు. స్క్రూడ్రైవరు చెవికి పెట్టుకుంటాడు. అయితే నీకు వినిపించినవి అతనికి వినిపిస్తాయా? నీకు నమస్కరించడానికి కూడా నాకు అర్హత చాలదనిపిస్తున్నది.

మరునాడు, బుధవారం, ఉదయం ఏడు గంటలకు కూత కూయగానే మిల్లుకు వెళ్ళాను. కొత్త నోటు పుస్తకం ఒకటి సంచిలో ఉంది. చెంగల్రాయుడు పొట్టు గది వాకిలి దగ్గర, మేస్త్రి బల్ల పక్కనే నిలబడి, తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకుని దగ్గుతున్నాడు.

“ఎన్నాళ్ళ నుంచి చెంగా?”

“దుమ్ము స్వామీ. ఏమీ లేదు.”

“ఎన్నాళ్ళ నుంచి అని అడిగాను.”

అతను తువ్వాలు దించి నేలను చూశాడు. “రెండేండ్లుంటాది.”

బల్ల మీద దుమ్ము చేత్తో తుడిచి పుస్తకం తెరిచాను. మొదటి పేజీలో అతని పేరు, మిల్లుకు వచ్చిన సంవత్సరం రాశాను. రెండో పేజీకి నాలుగు గళ్ళు గీశాను.

“ఏం రాస్తాండారు స్వామీ? నేను మూడో నంబరుకు బెల్టు ఎక్కించల్ల, శెట్టి వస్తాడు.”

శెట్టి గారు అప్పటికే వచ్చి నా వెనకే నిలబడి ఉన్నారు. ఎంతసేపటినుంచి ఉన్నారో తెలియదు. పుస్తకం వైపు చూశారు, పొట్టు గది వైపు చూశారు.

“పొయ్యిరా చెంగా” అన్నారు. “మూడో నంబరు ఈ పొద్దు నిలబడనీ. ఆ బల్ల గూడా ఈడ నుంచి ఎత్తిస్తా.”

చెంగల్రాయుడూ నేనూ ఆసుపత్రికని తిరుపతి బస్సు ఎక్కాము. స్వర్ణముఖి వంతెన దాటాక పుస్తకం మోకాలి మీద పెట్టుకుని, తేదీ వేసి, ఆగిన దినాలు అన్న గడిలో ‘ఒకటి’ అని రాశాను.